‘నరాలు లాగేస్తున్నాయి’ అంటే ఏ నరాలు?

రాత్రి భోజనాలయ్యాక మా నాయనమ్మ మంచం మీద బోర్లా పడుకుని పిల్లల్ని కేకేసేది. "ఒరే, వచ్చి కాస్త కాళ్ళు తొక్కండిరా." గోడ పట్టుకుని ఆవిడ పిక్కల మీద అటూ ఇటూ నడవడం మా పని. పది నిమిషాలకు "చాల్లే, పొండి" అనేది. మేం పక్కలు చేరేలోపే మళ్ళీ లేచి వసారాలో తిరుగుతుండేది. చివరికి పాత చీర పేలికలు పిక్కలకు బిగించి కట్టుకుంటేగానీ కునుకు పట్టేది కాదు. ఏమైందని అడిగితే ఒకటే మాట: "నరాలు లాగేస్తున్నాయి."

ఎదురింటి తాతగారిదీ అదే మాట. సంత నుంచి వచ్చేటప్పుడు దారిలో మూడు చోట్ల ఆగితేగానీ ఆయన ఇల్లు చేరేవాడు కాదు. ఆగిన చోటల్లా బీడీ వెలిగించేవాడు. ఇక రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మా పంతులమ్మకి పిక్కల మీద నీలం తీగలు మెలికలు తిరిగి ఉండేవి. వాటినీ నరాలే అన్నాం. ముగ్గురికీ ఊళ్ళో వైద్యం ఒకటే, నరాల బలానికి బీ కాంప్లెక్స్ సూది.

అవి మూడు వేర్వేరు బాధలని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలుగులో నరం అనే మాట చాలా బరువు మోస్తుంది. మెదడుకూ కాలికీ మధ్య కబుర్లు మోసే నాడి నరమే, రక్తం పారే గొట్టం నరమే, బెణికినప్పుడు పట్టేసేదీ నరమే. మాట ఒకటైతే నష్టం లేదు, సలహా కూడా ఒకటైపోయినప్పుడే వస్తుంది చిక్కు. "కాళ్ళకి రక్తం సరిగా ఆడట్లేదు, రోజూ మెల్లగా నడవండి" అని ఇప్పుడు ఇంటింటా వినిపిస్తోంది. వినడానికి హాని లేని మాటే. కానీ ఒకరికి మెల్లని నడక సరిగ్గా సరిపోతుంది, ఒకరికి అది దాదాపు దండగ, ఇంకొకరికి నడక కంటే ముందు రక్తపరీక్ష కావాలి.

కదిపితే పోయేది

మొదట నాయనమ్మ సంగతి. రోగం పేరు తేల్చే అర్హత నాకు లేదు, ఆవిడ ఇప్పుడు లేదు కూడా. కానీ ఆవిడ చెప్పినవన్నీ రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ లక్షణాలకు అచ్చంగా సరిపోతాయి. అది నొప్పి కాదు. లోపల ఏదో పాకినట్టు, పీకినట్టు, ఎముకలో దురద పుట్టినట్టు ఉంటుంది. తెలంగాణలో "కాళ్ళు గుంజుతున్నయ్" అంటారే, ఆ మాట దీనికి చాలా దగ్గర. దీన్ని పట్టుకోవడానికి స్కానింగ్ లేదు, ప్రశ్నలే పరీక్ష. కాళ్ళు కదపాలని ఆపుకోలేనంతగా అనిపిస్తుందా? కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా? కదిపినంతసేపైనా తగ్గుతుందా? పొద్దుగూకాక ముదురుతుందా? ఈ నాలుగింటికీ అవుననాలి. 2012లో నిపుణులు వీటికి అయిదోది చేర్చారు: ఇవే లక్షణాలతో వచ్చే వేరే జబ్బు కాదని తేల్చుకోవాలి. ఈ వ్యాసం నిజానికి ఆ అయిదో ప్రశ్న గురించే.

మన ఇళ్ళలో కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రం అంటారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఆ తిట్లు అదనపు శిక్ష. పెళ్ళి పీటల దగ్గరో, బస్సులోనో, సినిమా హాల్లోనో వాళ్ళు కాలు ఊపేది పొగరుతో కాదు.

జబ్బు కొత్తదేం కాదు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో సవివరంగా వర్ణించి ఇప్పటి పేరు పెట్టాడు. ఆయన కూడా మొదట రక్తప్రసరణనే అనుమానించాడు, రక్తనాళాలను వెడల్పు చేసే మందులు వాడి చూశాడు. అంటే "కాళ్ళకి రక్తం ఆడట్లేదేమో" అనే మన ఇంటి ఊహకు పెద్ద వంశవృక్షమే ఉంది. తర్వాతి పరిశోధనలు మాత్రం దారిని కాళ్ళ నుంచి మెదడుకు మళ్ళించాయి. మెదడులో కొన్ని చోట్ల ఐరన్ తగ్గడం, దానివల్ల డోపమైన్ అనే రసాయనం లయ తప్పడం ఇప్పుడు ముఖ్య కారణంగా చెబుతున్నారు. ఇది కుటుంబాల్లో పారంపర్యంగా కూడా వస్తుంది. ఆడవాళ్ళలో ఎక్కువ, గర్భిణులకు చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువ.

ఐరన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందరికీ కారణం ఐరన్ లోటే కాదు గానీ, పెద్ద భాగం అదే. అసలు కిటుకు ఇంకోటుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఒంట్లో ఐరన్ నిల్వ మాత్రం అడుగంటి ఉండొచ్చు. ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. మామూలు ల్యాబ్ కాగితం మీద 20 ఉన్నా "నార్మల్" అని రావచ్చు, కానీ కాళ్ళు గుంజేవాళ్ళ విషయంలో 75 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచించాలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఆ ఐరన్ సగం టీ పాలే. అలాగని డాక్టరుకి చెప్పకుండా కొని మింగేది కూడా కాదు, ఒంట్లో ఐరన్ మితిమీరినా చేటే.

ఆగితే పోయేది

ఎదురింటి తాతగారిది పూర్తిగా తిరగేసిన కథ. నాయనమ్మకి నడిస్తే పోయేది, ఆయనకి నడిస్తే వచ్చేది. గుండె నుంచి కాలికి మంచి రక్తం తెచ్చే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైంది. కూర్చుంటే ఆ కొద్ది రక్తం సరిపోతుంది. నడిస్తే పిక్క కండరానికి ఆక్సిజన్ చాలదు, పట్టేస్తుంది. రెండు మూడు నిమిషాలు నిలబడితే తీరుతుంది, మళ్ళీ అంతే దూరానికి మళ్ళీ వస్తుంది. ఆయన ఆగే చోట్లు ఎప్పుడూ అవే: మర్రిచెట్టు, రచ్చబండ, రేషన్ షాపు. ఈ నొప్పిని 1831లో మొదట వర్ణించింది ఒక ఫ్రెంచి పశువైద్యుడు, అదీ గుర్రంలో. బండి లాగుతూ మధ్యలో కుంటి, ఆగాక బాగైపోయే గుర్రం. మనుషుల దాకా రావడానికి ఇంకో పాతికేళ్ళు పైనే పట్టింది.

పొగ, షుగర్ ఈ జబ్బుకి రెండు పెద్ద దారులు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగే కుర్రవాళ్ళలో బర్గర్ జబ్బు అని ఇంకోటి వస్తుంది. అది చిన్న రక్తనాళాలను మూసేసి వేళ్ళ దాకా పోగొడుతుంది. దానికి పొగ పూర్తిగా మానేయడాన్ని మించిన మందు లేదు.

ధమనుల జబ్బు ముదిరితే రాత్రి పడుకున్నా పాదం, వేళ్ళు నొప్పెడతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, నాలుగడుగులు వేస్తాడు, హాయిగా ఉంటుంది. ఇదే అసలు మోసం. పైకి చూస్తే రెస్ట్‌లెస్ లెగ్స్ లాగే ఉంది కదా: రాత్రి వచ్చింది, లేస్తే పోయింది. కానీ ఇక్కడ ఉపశమనం ఇచ్చింది కదలిక కాదు, కిందికి దిగడం. పాదం గుండె కంటే కిందకు వస్తే ఆ బరువుకి రక్తం కాస్త దిగుతుంది. అందుకే మంచం అంచున కూర్చుని కాలు కదపకుండా వేలాడేసి చూడమంటారు. అంతమాత్రానికే తగ్గితే ధమనులను అనుమానించాలి. కాళ్ళు గుంజే జబ్బయితే కదలకుండా వేలాడేస్తే ఊరుకోదు, ఇంకా రెచ్చిపోతుంది.

తేల్చే పరీక్ష తేలికైనది, నొప్పి లేనిది. చీలమండ దగ్గర బీపీ కొలిచి, చేతి బీపీతో భాగిస్తారు. దాన్ని ఏబీఐ అంటారు. 1.0 నుంచి 1.4 మధ్య ఉంటే మామూలు, 0.90 లేదా అంతకు తగ్గితే దారి ఇరుకైనట్టే. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి నాళాల గోడలు గట్టిపడి 1.4 దాటిన దొంగ లెక్క రావచ్చు, అప్పుడు బొటనవేలి దగ్గర ఒత్తిడి చూస్తారు. షుగర్ ఉన్నవాళ్ళందరికీ కంటి పరీక్షలాగా దీన్ని కూడా అలవాటు చేయాలని నా అభిప్రాయం. ఏళ్ళ తరబడి సూదులు వేయించుకుని ఈ ఒక్క కొలత తీయించుకోని వాళ్ళు నాకు చాలామందే తెలుసు.

కాలు పైకెత్తితే పోయేది

పంతులమ్మవి సిరలు, అంటే వాడిన రక్తాన్ని పైకి తీసుకెళ్ళే గొట్టాలు. కింద నుంచి పైకి ఎక్కించడానికి కాలిలో మోటారు లేదు. పిక్క కండరం నొక్కినప్పుడల్లా రక్తం ఒక మెట్టు ఎక్కుతుంది, లోపలి చిన్న తలుపులు మూసుకుని అది కిందికి జారకుండా ఆపుతాయి. పిక్కను రెండో గుండె అనేది అందుకే. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, నడుస్తుంటే 30 దరిదాపులకు పడిపోతుంది. ఆ తలుపులు చెడితే నడిచినా అంతగా దిగదు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి, వాస్తాయి, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది. కాలు దిండు మీద పెట్టుకుంటే హాయి.

మంగలి, వంటమనిషి, ట్రాఫిక్ కానిస్టేబుల్, చీరల షాపులో అమ్మాయి, వీళ్ళ కాళ్ళను చూస్తే ఎక్కువ పుస్తకాలు చదవనక్కర్లేదు.

ఇప్పుడు మూడింటినీ ఒకే మంచం మీద పెట్టి చూడండి. కాళ్ళ కింద రెండు దిండ్లు పెడితే పంతులమ్మకి సుఖం, తాతగారికి నొప్పి, నాయనమ్మకి మార్పు లేదు. పిక్కలకు గట్టిగా కట్టు కడితే నాయనమ్మకి ఊరట. పంతులమ్మకి కట్టు మంచిదే, కాకపోతే చీలమండ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండేలా అల్లిన మేజోళ్ళు కావాలి. అదే కట్టు తాతగారికి కడితే ఉన్న కాస్త రక్తమూ ఆగి పుండు పడొచ్చు. అందుకే బిగుతు మేజోళ్ళు కొనేముందు ఏబీఐ చూపించుకోవాలి. పేలిక కట్టుకునే అలవాటు ఉన్న పెద్దవాళ్ళకి షుగర్ కూడా ఉంటే ముందు ఆ ముడి విప్పించండి. వేడినీళ్ళ సంచీ కాపడం కూడా అంతే, స్పర్శ తగ్గిన కాలికి చర్మం కాలేదాకా తెలియదు.

ఇవి కాక రాత్రి పిక్క రాయిలా గడ్డకట్టి కొంకర్లు పోవడం వేరు, షుగర్ వల్ల వచ్చే అరికాళ్ళ మంటలు వేరు. నడిస్తే వచ్చి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో పోయే వెన్నుపూస నొప్పి ఇంకో వేరు.

మూడూ ఒకే కాలిలో ఉంటే

ఇంత శుభ్రంగా మనుషులు విడిపోతే వైద్యులకు పనే ఉండదు. అరవై దాటిన, షుగర్ ఉన్న, కిడ్నీ కొంచెం దెబ్బతిన్న మనిషికి మూడూ ఉండొచ్చు. కిడ్నీ జబ్బులో కాళ్ళు గుంజడం చాలా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ మీద ఉన్న కుటుంబాలకు ఈ మాట కొత్తగా చెప్పాల్సింది లేదు. మిషన్ పక్కన నాలుగు గంటలు కదలకుండా పడుకోవడమే ఈ జబ్బుకి నరకం. డయాలసిస్ జరుగుతుండగానే పడుకుని సైకిల్ పెడళ్ళు తొక్కించి చూసిన పరిశోధనల్లో కాళ్ళ బాధ తగ్గింది. మన డయాలసిస్ కేంద్రాల్లో ఆ పెడళ్ళు ఎందుకు కనిపించవో నాకు అర్థం కాదు, ఖర్చు పెద్దదేం కాదు.

మరి రక్తప్రసరణకీ కాళ్ళు గుంజడానికీ నిజంగా చుట్టరికం ఉందా? ఉందనే ఆధారాలు కొన్ని ఉన్నాయి. 2014లో ఫిన్లండ్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవాళ్ళ కాళ్ళ చర్మం దగ్గర ఆక్సిజన్ తక్కువగా ఉందని, అది తగ్గినకొద్దీ బాధ ఎక్కువగా ఉందని చూపారు. చెడిన సిరలకు లేజర్ చికిత్స చేశాక కాళ్ళు గుంజడం బాగా తగ్గిందని 2008 నాటి ఒక చిన్న పరిశోధన చెప్పింది. కాలికి గాలి సంచులు చుట్టి నొక్కి వదిలే పరికరాలతోనూ కొందరికి ఊరట కలిగింది. నాకైతే ఇలా అనిపిస్తుంది: నిప్పు మెదడులో ఉంది, కాలిలో రక్తం నిలవడం దానికి గాలి విసురుతుంది. విసురు ఆపితే మంట తగ్గొచ్చు, నిప్పు ఆరిందని చెప్పలేం.

ఎవరికి ఏ నడక

సిరల బాధ ఉన్నవాళ్ళకి మెల్లని వ్యాయామం అన్న మాట అక్షరాలా సరిపోతుంది. కూర్చున్నచోటే పాదాన్ని పైకి లాగి కిందికి తోయడం, గంటకోసారి ఇరవై ముప్పై సార్లు. గోడ పట్టుకుని మడమలెత్తి దించడం. చదును నేల మీద నడక. పిక్క నొక్కుకుంటే చాలు, చెమటలు పట్టనక్కర్లేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి విమానంలో వెళ్ళే పెద్దవాళ్ళకి ఆ పదహారు ఇరవై గంటల్లో ఇదే దిక్కు. నడవ పక్క సీటు అడిగి తీసుకుంటే లేచి తిరగడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ధమనుల జబ్బు దగ్గర మాత్రం మెత్తదనం పనికిరాదు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఇక్కడి లెక్క ఏమిటంటే, మూడు నుంచి అయిదు నిమిషాల్లో పిక్క పట్టేసేంత వేగంతో నడవాలి, నొప్పి ఓ మోస్తరు దాటేదాకా సాగాలి, అప్పుడు ఆగి పూర్తిగా తగ్గనివ్వాలి, మళ్ళీ నడవాలి. ఆగినవీ నడిచినవీ కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, కనీసం 12 వారాలు. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో నొప్పి రానంత మెల్లగా ఏడాది పాటు నడిచినవాళ్ళు ఏ వ్యాయామమూ చేయనివాళ్ళ కంటే మెరుగుపడలేదు. నొప్పి వచ్చేలా నడిచినవాళ్ళు మెరుగుపడ్డారు. అంతకు ముందు చాలా పరిశోధనలను కలిపి లెక్కగడితే, వ్యాయామం చేసినవాళ్ళు నొప్పి లేకుండా నడిచే దూరం సగటున 82 మీటర్లు పెరిగింది. చదవడానికి చిన్న అంకె. మర్రిచెట్టు దగ్గర ఆగే మనిషి రచ్చబండ దాకా ఆగకుండా వెళ్ళగలడంటే చిన్నదేం కాదు.

పూడుకున్న గొట్టం ఈ నడకతో తెరుచుకోదు. ఉన్న రక్తంలోంచే ఎక్కువ ఆక్సిజన్ లాగడం కండరం నేర్చుకుంటుంది, ఆ చుట్టుపక్కల నాళాల గోడలు కాస్త మెత్తబడతాయి. ఇంకో విచిత్రం, చేతులతో పెడళ్ళు తిప్పే వ్యాయామం చేసినా నడిచే దూరం పెరిగినట్టు తేలింది. నొప్పి అసలే భరించలేనివాళ్ళకి అది ఒక దారి, తక్కువ నొప్పితో నడవడం ఇంకో దారి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. కాలి గొట్టాలు ఇరుకైన మనిషికి గుండె గొట్టాలూ ఇరుకై ఉండే అవకాశం ఎక్కువ. గుండె చూపించుకోకుండా ఈ నడక మొదలుపెట్టకూడదు. పడుకున్నా నొప్పి ఉన్నవాళ్ళు, మానని పుండు, నల్లబడిన వేలు ఉన్నవాళ్ళు నడకతో కాలం గడపకుండా రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

కాళ్ళు గుంజేవాళ్ళకి మధ్యస్థం మేలు. 2006లో చేసిన ఒక చిన్న పరిశోధనలో వారానికి మూడు రోజులు నడక, కాళ్ళకు బలం పెంచే వ్యాయామం కలిపి చేయిస్తే ఆరో వారానికే తేడా కనిపించింది. సాయంత్రం నడక, పడుకునే ముందు పిక్కలూ తొడల వెనకభాగమూ సాగదీయడం బాగా పనిచేస్తాయి. రాత్రి తొమ్మిదికి జిమ్‌లో చెమటలు కక్కితే మాత్రం కొందరికి ఎదురు తిరుగుతుంది. జలుబు మాత్రల్లో, వాంతుల మందుల్లో, కొన్ని డిప్రెషన్ మందుల్లో ఈ బాధను పెంచేవి ఉన్నాయి, వాడుతున్న మందుల చీటీ డాక్టరుకి చూపించాలి. ఏళ్ళ తరబడి మొదటి వరసలో ఉన్న డోపమైన్ రకం మందులు పోనుపోను జబ్బునే ముదిరిస్తున్నాయని తేలి, అమెరికా నిద్ర వైద్య సంస్థ 2025 మార్గదర్శకాల్లో వాటిని వెనక్కి నెట్టింది. ఆ మందులు కొందరిలో జూదం పిచ్చి కూడా పుట్టిస్తాయి. ఫోన్లో రమ్మీ ఆడే మన ఇళ్ళలో ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

మూడూ కలిసిన కాలైతే వరస ఇది: ముందు ధమనుల లెక్క తేల్చాలి, తర్వాత ఫెరిటిన్, ఆ తర్వాతే వ్యాయామం. రక్తం అందుతుందో లేదో తెలియని కాలికి కట్టు గానీ, దిండ్లు గానీ, మైళ్ళ నడక గానీ పెట్టకూడదు.

ఒకటి మాత్రం ఈ లెక్కలకు బయట ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి, పిక్క నొప్పెట్టి, వేడిగా తగిలితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఉన్నట్టుండి ఒక కాలు చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే రక్తం పూర్తిగా ఆగినట్టు, గంటల్లో కాలు పోతుంది. ఆ రాత్రి తొక్కమని మనవణ్ణి పిలవకూడదు, ఆటోని పిలవాలి.